క్రికెట్టు వీరుడు కొఠారి కనకయ్య నాయుడు

అంకెలు తమంతట తాము మాటలాడవు. ఒక చేనున ఎకరమునకు పది బస్తాలు పండినవని వ్రాసినంత మాత్రమున ఆ రైతు ఘనత తెలియదు. ఆ నేల తరియా, ఖుష్కియా, ఆ యేడు చెరువు నిండినదా, ఎండినదా యనునవి తెలిసిన పిమ్మటనే ఆ పదింటి విలువ తేలును. ఆటలయందలి రికార్డులును అట్టివే. కొఠారి కనకయ్య నాయుడుగారు భారతదేశము పక్షమున ఆడిన టెస్టు మ్యాచీలు 7. వానియందు చేసిన పరుగులు 350. నేడు నూరు టెస్టు మ్యాచీలకు పైబడి ఆడినవారును, పదివేల పరుగులు దాటినవారును గలరు. అట్టివారి లెక్కల ప్రక్కన ఈ రెండంకెలను పెట్టి చూచిన బాలుడు, ఈయనకు ఇంత కీర్తి యేల కలిగెనని అడుగవచ్చును. అది అడుగదగిన ప్రశ్నయే. దానికి సమాధానము ఆయన జీవితచరిత్రమున గలదు.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమునందు జన్మించిరి. కాజీపేట నుండి ఉత్తరముగా పోవు రైలు బల్లార్షా మీదుగా ఆ నగరమును చేరునని ఈ ప్రాంతము వారెల్లరు ఎఱుగుదురు. ఉద్యోగములకును, వర్తకమునకును అచటికి వెడలి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కులు. నాయుడుగారి వంశము వారు మచిలీపట్టణము వారు. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు నాగపురమున పేరు, భూవసతి గడించిన పెద్దమనుష్యులు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు ఇంగ్లండు దేశమేగి కేంబ్రిడ్జిలో విద్యనభ్యసించి, న్యాయవాదియై, పిదప హోల్కరు సంస్థానమున న్యాయమూర్తిగా పనిచేసిరి. ఇట్లు విద్యయు, సంపదయు గల ఇంట పుట్టియు, కనకయ్యగారు కీర్తి గడించినది న్యాయస్థానమున గాదు, పచ్చిక బయలున.

ఈ ఆట నెఱుగని పెద్దల కొఱకు ఒక మాట చెప్పవలసియున్నది. మన పల్లెలలో పిల్లలు చిర్రగోనె ఆడుదురు గదా! ఎవడు చిర్రను ఎక్కువ దూరము కొట్టునో వానిదే పైచేయి. క్రికెట్టునందును అట్టి ఆనందమొకటి గలదు. ఆటస్థలము చుట్టును ఒక హద్దు ఉండును. కొట్టిన బంతి నేలను తాకుచు పోయి ఆ హద్దును దాటినచో నాలుగు పరుగులు. నేలను తాకక గాలిలోనే హద్దును దాటినచో ఆఱు పరుగులు. దీనినే సిక్సరు అందురు. గాలిలోనికి కొట్టిన బంతిని ప్రత్యర్థి పట్టుకొన్నచో ఆటగాడు వెడలిపోవలసినదే. కావున సిక్సరు కొట్టుటకు బలమొక్కటే చాలదు. గుండె నిబ్బరము వలయును, బంతి చేతినుండి వెలువడు క్షణముననే దాని గతిని గ్రహించు చూపు వలయును. ఈ మూడును నాయుడుగారికి సహజముగా అబ్బినవి. ఆఱడుగులకు పైబడిన పొడగరి, సన్నని నిటారైన దేహము, పొడవైన చేతులు గలవారు.

నాగపురమున హిస్లాపు పాఠశాలలో చదువుకొనునాడే ఆయన ఆటయందు ముందుండిరి. ఆ కాలమున బొంబాయియందు ప్రతి సంవత్సరము జరుగు చతుష్పక్ష పోటీలే దేశమునకెల్ల పెద్ద పోటీలు. యూరోపియనులు, పారసీలు, హిందువులు, ముస్లిములు అని మతముల వారిగా జట్లు ఏర్పడి ఆడుచుండెడివి. 1916వ సంవత్సరమున హిందువుల జట్టులో చేరి, యూరోపియనులపై నాయుడుగారు తొలి పెద్ద మ్యాచి ఆడిరి. జట్టు 79 పరుగులకు 7 వికెట్లు కోల్పోయి కష్టదశలో నుండగా ఈ యిరువది యేండ్ల యువకుడు బ్యాటుతో ప్రవేశించెను. మొదటి మూడు బంతులను నిదానముగా ఆపి, నాలుగవదానిని సిక్సరుగా కొట్టెనని చెప్పుదురు. పెద్ద ఆటలో ఆయన తొలి పరుగులు ఆ ఆఱే.

1923వ సంవత్సరమున ఇండోరు ప్రభువైన హోల్కరు మహారాజు నాయుడుగారిని తమ సంస్థానమునకు ఆహ్వానించి, సైన్యమున ఉద్యోగమొసగిరి. కాలక్రమమున కర్నల్ పదవి వఱకు పెరిగి, కర్నల్ సి. కె. నాయుడు అను పేర దేశమునకెల్ల ఎఱుకపడిరి. నాగపురము పుట్టినయూరు, మచిలీపట్టణము పూర్వుల యూరు, ఇండోరు పెరిగి పేరొందిన యూరు. అయినను తెలుగువారు ఆయనను తమవానిగనే తలచుచు వచ్చిరి.

1926వ సంవత్సరాంతమున ఇంగ్లండు నుండి మేరిల్‌బోన్ క్లబ్బు వారి జట్టు ఆర్థరు గిల్లిగను నాయకత్వమున భారతదేశమునకు వచ్చెను. ఇంగ్లండు పక్షమున టెస్టు మ్యాచీలాడిన వారు పలువురు ఆ జట్టులో నుండిరి. నవంబరు నెల ముగిసి డిసెంబరు ప్రవేశించు దినములలో బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో వారికి పోటీ జరిగెను. తొలుత ఆడిన అతిథులు 363 పరుగులు చేసిరి. వారిలో గయ్ ఎర్లు అను ఆటగాడు 130 పరుగులు చేయుచు 8 సిక్సర్లు కొట్టెను. అంతటి ఆట చూచిన ప్రజలు, మనవారు దీనికేమి బదులు చెప్పుదురోయని ఎదురుచూచిరి.

నాయుడుగారు బదులు చెప్పిరి. 116 నిమిషములలో 153 పరుగులు! అందు సిక్సర్లు 11. అనగా 66 పరుగులు గాలిలో వచ్చినవే. కబురు ఊరంతయు ప్రాకగా జనులు పనులు విడిచి మైదానమునకు పరుగులిడిరి. లోపల చోటు చాలక చుట్టుప్రక్కల మేడలపైనను, చెట్లకొమ్మలపైనను ఎక్కి చూచిరి. ఆట ముగిసిన పిమ్మట అతిథులు ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. ఆ మ్యాచిలో ఎవరును గెలువలేదు, ఎవరును ఓడలేదు. కాని ఒక ఫస్టుక్లాసు ఇన్నింగ్సులో 11 సిక్సర్లు కొట్టినవారు అంతకుముందు ప్రపంచమున లేకుండిరి.

ఇచట ఒక సూక్ష్మము గమనింపవలెను. పూర్వకాలమున ఇంగ్లండులో సిక్సరు లెక్కింపబడుటకు బంతి హద్దును దాటినంత మాత్రమున చాలదు. మైదానము ఆవరణమునే దాటి వెలుపల పడవలెను. 1910 ప్రాంతమున ఆ నియమము మాఱి, హద్దు మీదుగా పోయిన బంతికెల్ల ఆఱు పరుగులు లభింపసాగెను. కావున పూర్వపు బలశాలులకును, తరువాతి వారికిని కొలబద్ద ఒకటి కాదు. కుండతో కొలిచిన గింజలను కుంచముతో కొలిచిన గింజలతో పోల్చరాదు గదా! నాయుడుగారి 11 సిక్సర్లు క్రొత్త కొలతలో తొలి గొప్ప లెక్క.

ఆ లెక్క వలన కలిగిన మేలు రికార్డు పుస్తకమునకు మాత్రమే పరిమితము కాలేదు. భారతీయులు సమస్థాయిని ఆడగలరని గిల్లిగను గ్రహించి, దేశమునకంతకు ఒక పాలకసంఘము ఏర్పఱచుకొనుడని ఇచటి పెద్దలను ప్రోత్సహించెను. తత్ఫలితముగా 1928వ సంవత్సరమున భారత క్రికెట్టు నియంత్రణ మండలి వెలసెను. నాలుగేండ్లకు భారతదేశమునకు తొలి టెస్టు మ్యాచి ఆడు అవకాశము లభించెను.

1932వ సంవత్సరమున భారత జట్టు ఇంగ్లండునకు పయనమయ్యెను. ఆ దినములలో జట్టు నాయకత్వము రాజులకే చెందవలెనను అభిప్రాయము బలముగా నుండెను. పోర్‌బందరు మహారాజు నాయకుడు. లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. నాయుడుగారు రాజు కాదు, సంస్థానోద్యోగి మాత్రమే. అయితే పోర్‌బందరు ప్రభువు తన ఆట ఆ స్థాయికి చాలదని గుర్తించి తానే తొలగి, యోగ్యునికి దారి యిచ్చెను. అధికారము చేతనుండగా అట్లు చేయుట సామాన్యము గాదు. లింబ్డీ రాజకుమారునికి వెన్నునొప్పి కలిగెను. అందుచే జూను 25వ తేదీన లండనునందలి లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టును నడుపు భారము నాయుడుగారిపై పడెను. అప్పటికి ఆయనకు ముప్పదియేడవ యేడు నడుచుచుండెను. అనేకులు ఆట విరమించు వయస్సున ఆయన తొలి టెస్టు మ్యాచి ఆడిరి.

ఇంగ్లండు పక్షమున ఆటకు వెడలిన తొలి యిద్దరు హోమ్సు, సట్‌క్లిఫు. వీరిరువురు కొలది దినముల క్రిందటనే యార్కుషైరు తరఫున 555 పరుగుల జోడి నెలకొల్పి లోకమును ఆశ్చర్యపఱచినవారు. అట్టివారిని మహమ్మదు నిస్సారు వెంటవెంటనే పడగొట్టెను. ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయెను. పిదప వారు కోలుకొని 259 పరుగులు చేసిరి. బంతినాపబోయి నాయుడుగారి చేతికి గాయమైనది. ఆ చేతితోనే ఆడి 40 పరుగులు చేసిరి. ఆ ఇన్నింగ్సులో మన జట్టున అదియే అధికము. మనవారు 189 పరుగులకే ముగిసి, కడకు 158 పరుగుల తేడాతో ఓడిరి. ఓడినను, ఆ యోటమి తలవంపు తెచ్చునది కాదు.

ఆ వేసవియంతయు నాయుడుగారు విశ్రాంతి యెఱుగక ఆడిరి. ఫస్టుక్లాసు మ్యాచీలలో 1,618 పరుగులు చేసి, బంతి విసరి 65 వికెట్లు గూడ గడించిరి. బర్మింగుహాము నగరమునందలి మైదానమున ఆయన కొట్టిన ఒక సిక్సరు ప్రక్కనున్న యేటిని చేరెననియు, ఆ యేరు నాడు రెండు జిల్లాలకు సరిహద్దు గావున బంతి జిల్లా దాటినదనియు అచటివారు వినోదముగా చెప్పుకొనిరి. మరుసటి యేడు ఇంగ్లండున ప్రకటితమగు విజ్డెను అను ప్రసిద్ధ వార్షిక గ్రంథము ఆ సంవత్సరపు ఐదుగురు మేటి ఆటగాండ్రలో ఆయనను చేర్చెను.

1933వ సంవత్సరము డిసెంబరులో భారతభూమిపై తొలి టెస్టు మ్యాచి జరిగినది. స్థలము అదే బొంబాయి జింఖానా. ఏడేండ్ల క్రిందట 11 సిక్సర్లు చూచిన మైదానముననే నాయుడుగారు దేశనాయకులై అడుగిడి, రెండవ ఇన్నింగ్సులో 67 పరుగులు చేసిరి. ఆ మ్యాచిలోనే లాలా అమరనాథు భారతదేశము పక్షమున తొలి శతకము సాధించెను. కలకత్తాలోను, మద్రాసులోను జరిగిన తక్కిన రెండు టెస్టులకును నాయుడుగారే నాయకులు.

1936వ సంవత్సరపు ఇంగ్లండు పర్యటనకు నాయకత్వము మరల రాజకుటుంబమునకే పోయెను. విజయనగర మహారాజకుమారుడు నాయకుడు. నాయుడుగారు ఆయన క్రింద ఆటగాడు. ఆ జట్టులో సామరస్యము లేకుండుట లోకవిదితము. పదవి పోయినందుకు నాయుడుగారు ఆట విడువలేదు. ఓవలు మైదానమున జరిగిన చివరి టెస్టులో ఇంగ్లండు నాయకుడైన అలెను విసరిన వేగపు బంతి గుండె క్రింద బలముగా తగిలెను. మైదానము విడచి పోక, నిలిచి ఆడి 81 పరుగులు చేసిరి. ఆయన టెస్టు జీవితమున అదియే అత్యధికము. అదియే చివరి టెస్టు గూడ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలుదము. 1932 మొదలు 1936 వఱకు భారతదేశము మొత్తము ఆడిన టెస్టు మ్యాచీలు ఎన్ని? 1932లో ఒకటి, 1933–34లో మూడు, 1936లో మూడు, వెరసి 7. ఆ యేడింటను నాయుడుగారు ఆడిరి. ఒక్కటియు తప్పలేదు. పిమ్మట యుద్ధము వచ్చెను. భారతదేశము తిరిగి టెస్టు ఆడునప్పటికి 1946వ సంవత్సరము. నాయుడుగారికి ఏబది యేండ్లు. ఏడను అంకె చిన్నదిగా కనబడుటకు కారణము ఆటగాని కొఱత కాదు, అవకాశపు కొఱత. వానలేని యేట పండిన పంటను నిండుచెరువు క్రింది పంటతో సరిపోల్చుట న్యాయము గాదు.

టెస్టులకు వెలుపల ఆయన లెక్క వేఱు. ఫస్టుక్లాసు మ్యాచీలు 207, పరుగులు 11,825, శతకములు 26, వికెట్లు 411. హోల్కరు జట్టును నడపి రంజీ ట్రోఫీని నాలుగుమారులు గెలిపించిరి. 1945–46వ సంవత్సరపు అంతిమ పోటీలో, ఏబదియేండ్ల వయస్సున, బరోడాపై 200 పరుగులు చేసిరి. క్రమశిక్షణయందు కఠినులు. సాధనకు ఆలస్యముగా వచ్చువారిని సహింపరు. దెబ్బ తగిలెనని సాకు చెప్పువారిని అసలే సహింపరు. ఈ కాఠిన్యము కొందఱికి రుచింపలేదు. కాని తాను పాటింపని నియమమును పరులపై మోపినవారు కారు.

ఆయన తమ్ముడు సి. యస్. నాయుడుగారును టెస్టు ఆటగాడే. 1944–45వ సంవత్సరపు రంజీ అంతిమ పోటీలో హోల్కరు పక్షమున బొంబాయిపై ఆయన ఒక్క మ్యాచిలో 917 బంతులు విసరిరి. ఒక ఫస్టుక్లాసు మ్యాచిలో అన్ని బంతులు విసరినవారు మఱియొకరు లేరు. అన్న సిక్సర్లకు, తమ్ముడు ఓర్పునకు ప్రసిద్ధులు.

1953–54వ సంవత్సరమున ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ పోటీలలో ప్రవేశించినప్పుడు ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు దానికి నాయకత్వము వహించిరి. పూర్వులు విడచివచ్చిన గడ్డ తరఫున మనుమడు ఆడెను. 1956వ సంవత్సరమున ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. ఆ తరువాతి రంజీ పోటీలలో ఉత్తరప్రదేశ్ జట్టు నాయకులై, అఱువదియొక్క యేండ్ల వయస్సున రాజస్థానుపై 84 పరుగులు చేసిరి. కురుక్షేత్రమున భీష్ముడు మనుమల యీడువారితో పోరాడినట్లు, తన కుమారుల వయస్సువారు విసరిన బంతులను ఆయన ఎదుర్కొనిరి. కడపట 1963–64లో, అఱువదియెనిమిదవ యేట, ఒక సహాయనిధి కొఱకు బ్యాటు పట్టిరి.

ఇక ఆ 11 సిక్సర్ల రికార్డు కథ. 1934లో బార్నెట్టు అను ఇంగ్లండు ఆటగాడును, 1953లో రిచీ బెనో అను ఆస్ట్రేలియా ఆటగాడును 11 చొప్పున కొట్టి సరిపుచ్చిరి గాని మించలేదు. 1963వ సంవత్సరము జనవరిలో న్యూజీలాండునందు జాన్ రీడు ఒకే ఇన్నింగ్సులో 15 కొట్టి దానిని దాటెను. అనగా ముప్పదియాఱేండ్లు ఆ సంఖ్యను మించినవాడు లేడు. రికార్డులు చేతులు మాఱుట లోకధర్మము. శీతలదేశములలో మంచుగడ్డపై ఆడు హాకీయందు గోల్సు లెక్కయు ఇట్లే సాగినది. ఉత్తర అమెరికా వృత్తి క్రీడాకారుల లీగులో మారిస్ రిషార్డు జీవితకాలమున కొట్టిన 544 గోల్సును 1963లో గోర్డీ హోవె దాటెను. ఆయన నిలిపిన 801ని 1994లో వేన్ గ్రెట్స్‌కీ దాటెను. గ్రెట్స్‌కీ 894ను 2025వ సంవత్సరము ఏప్రిలులో రష్యా దేశీయుడు ఒవెచ్‌కిన్ దాటెను. హోవె గూడ నాయుడుగారివలెనే ఏబది దాటిన వయస్సున ఆడుచుండెను.

సిక్సర్ల లెక్క 1995లో సైమండ్సు చేతిలో 16 అయ్యెను. 2015లో న్యూజీలాండు ఆటగాడు కాలిన్ మన్రో దానిని 23 చేసెను. 2024వ సంవత్సరము జనవరిలో, హైదరాబాదు నగరముననే, హైదరాబాదు జట్టు ఆటగాడు తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ జట్టుపై 181 బంతులలో 366 పరుగులు చేసి, 26 సిక్సర్లు కొట్టి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. బొంబాయిలో తెలుగువాడు మొదలిడిన లెక్క తొంబదియేడేండ్లకు తెలుగుగడ్డకే వచ్చిచేరినది. నేటి బ్యాటులు బరువైనవి, ప్రత్యర్థి జట్టు క్రొత్తది యని కొందఱనవచ్చును. ఆ మాటయు లెక్కలో వ్రాయదగినదే. అయినంత మాత్రమున ఆ యువకుని ఘనత తఱుగదు. నాయుడుగారికి ఏ న్యాయమును కోరుదుమో ఆ న్యాయమునే ఇతనికిని ఒసగవలెను.

కర్నల్ నాయుడుగారు 1967వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇండోరునందు కాలధర్మము నొందిరి. క్రికెట్టు మండలి యువకుల కొఱకు జరుపు ఒక పోటీకి ఆయన పేరు పెట్టెను. జీవితకాల సేవ చేసిన ఆటగాండ్రకు 1994 నుండి ఆయన పేరనే పురస్కారమొసగుచున్నది. విశాఖపట్టణపు క్రీడాప్రాంగణమున ఆయన విగ్రహము గలదు.

పఠనమందిరమునకు వచ్చి వార్తాపత్రికలో ఆటల పుటను తొలుత తెఱచు యువకులు ఈ చరిత్రము నుండి ఒక్క సంగతి గ్రహించిన చాలును. 11 అను అంకెను పలువురు దాటిరి; 26ను గూడ ఎవరో ఒకనాడు దాటుదురు. 7 అను అంకెను దాటినవారు నేడు పెక్కురు. కాని దేశమునకు టెస్టు మ్యాచి యే లేనినాడు దానిని అర్హముగా నిలిపినవారు ఒక్కరు; వచ్చిన యేడింటిలో ఒక్కదానినిగూడ విడువక, గాయపడిన చేతితోను, దెబ్బతిన్న ఱొమ్ముతోను ఆడినవారు ఒక్కరు. ఆ సంగతి ఏ పట్టికలోను ఒక గడిగా కనబడదు. చదివి తెలిసికొనవలసినదే.